ఒడిసెల, బర్మారు, షెర్మన్: 1948లో హుస్నాబాద్ ప్రాంతపు ఆయుధాలు – నిరాయుధీకరణ ప్రశ్న

ఉపోద్ఘాతం

అధికారం చేతులు మారే కాలంలో హింస చెలరేగితే దానిని అణచడానికి బయటినుండి సైన్యం రావడం ఇరవయ్యో శతాబ్దపు చరిత్రలో పలుమార్లు జరిగింది. 1960లో కాంగోకు, 1999లో తూర్పు తైమూరుకు వెళ్లిన బహుళజాతి శాంతిసేనలు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. అలాంటి సేనల చరిత్రను రాసేవారు సాధారణంగా వాటి ఆయుధ సంపత్తినుండి మొదలుపెడతారు. ఎన్ని ట్యాంకులు, ఎన్ని విమానాలు, ఎన్ని రోజుల్లో విజయం అన్న లెక్కలు ముందు వస్తాయి. ఆ సేనలు రాకముందు గ్రామస్థుల చేతుల్లో ఏముండేది, వచ్చిన తరువాత ఎవరి చేతినుండి ఏది తీసుకొన్నారు అన్న ప్రశ్నలు వెనుకబడతాయి.

తెలుగు నేలపై ఈ ప్రశ్నలకు దగ్గరి ఘట్టం 1948 నాటి హైదరాబాదు సంస్థానం. అక్కడికి బహుళజాతి సేన రాలేదు. భారత యూనియన్ సైన్యం వచ్చింది. అయితే సంస్థాన ప్రభుత్వం తన వివాదాన్ని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముందుకు తీసుకువెళ్లినందువల్ల, శాంతిస్థాపన పేరుతో సైనిక చర్య జరిగినందువల్ల ఆ ఘట్టాన్ని అంతర్జాతీయ శాంతిసేనల చరిత్రకు పక్కన పెట్టి చూడవచ్చు. నాటి కరీంనగర్ జిల్లాలోని హుస్నాబాద్ ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకొని 1946–51 మధ్య తెలంగాణలో వాడిన ఆయుధాల స్వభావాన్ని, వాటి అప్పగింత రాజకీయాన్ని, వాటికి తెలుగు సాహిత్యంలో లభించిన స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శాంతి కోసం వచ్చిన సైన్యాన్ని దాని ఆయుధ బలంతో కాక, అది ఎవరిని నిరాయుధులను చేసింది, ఎవరిని చేయలేదు అన్నదానితో అంచనా వేయాలన్నది ఇందులోని ప్రతిపాదన.

హుస్నాబాద్: స్థలం, సందర్భం

ప్రస్తుతం సిద్దిపేట జిల్లాలో ఉన్న హుస్నాబాద్ 2016 జిల్లాల పునర్విభజన వరకు కరీంనగర్ జిల్లాలో భాగం. చుట్టూ గుట్టలు, చెరువుల కింద వరి, మెట్టలో జొన్న. మిగతా తెలంగాణలో వలెనే ఇక్కడా గ్రామ జీవితంపై గడీల దొరలకూ, పటేల్ పట్వారీలకూ పట్టు ఉండేది. వెట్టిచాకిరి, లెవీ ధాన్యం, అక్రమ బేదఖళ్లు రైతును పీడించిన మూడు బాధలు.

ఈ పెత్తనానికి రెండు ఆసరాలుండేవి. ఒకటి గడీలోని తుపాకి, రెండవది పట్వారీ దస్తరం. భూమి ఎవరిది, అప్పు ఎంత, శిస్తు ఎంత అన్నవన్నీ దస్తరంలో రాసినదాన్నిబట్టి నడిచేవి. చదువురాని రైతుకు తుపాకి కంటే దస్తరమే ఎక్కువ భయం కలిగించే వస్తువు. తుపాకి అప్పుడప్పుడు పేలుతుంది, దస్తరం ఏటేటా పనిచేస్తుంది. కరీంనగర్ దగ్గరి పోలంపల్లికి చెందిన అనభేరి ప్రభాకరరావు తన దళంతో ఊరూరా తిరిగి పట్వారీల దస్తరాలను, అప్పు పత్రాలను తగలబెట్టించడానికి కారణం ఇదే. స్వయంగా భూస్వామ్య కుటుంబంలో పుట్టిన అనభేరికి ఆ కాగితాల శక్తి లోపలినుండి తెలుసు. ఆయుధాల చరిత్రను తుపాకులతోనే ఆపితే ఈ దహనాల అర్థం చిక్కదు.

1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య మరణించడంతో ప్రతిఘటన ఉధృతమైంది. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. వీరిలో బద్దం ఎల్లారెడ్డి కరీంనగర్ జిల్లా వారు. నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో పుట్టిన పోరాటం కరీంనగర్‌కు విస్తరించడంలో ఆయన పాత్ర, అనభేరి పాత్ర ప్రధానమైనవి.

పనిముట్టు ఆయుధంగా మారిన క్రమం

కడవెండి కాలంలో గ్రామస్థుల చేతుల్లో ఉన్నవి నిజానికి ఆయుధాలు కావు. అవి పనిముట్లు. ఒడిసెల ఇందుకు చక్కని నిదర్శనం. వడిసెల అని కూడా వ్యవహరించే ఈ సాధనం జొన్నచేను కాపలాకు పుట్టింది. మంచెమీద నిలబడి, తాడుకు నడుమ అల్లిన తొట్టిలో రాయి పెట్టి, తలచుట్టూ తిప్పి ఒక కొసను వదిలితే రాయి చేతి విసురు కంటే ఎన్నో రెట్ల దూరం పోతుంది. పిట్టలను తోలడానికి చిన్ననాటినుండే నేర్చే విద్య కనుక దీనికి ప్రత్యేక శిక్షణ అక్కరలేదు. రాళ్లకు కరువు లేదు. ఆడవారు, పిల్లలు కూడా దీనిని వాడగలరు. పోరాట గ్రామాల్లో రాళ్లను కుప్పలు పోసి పెట్టుకోవడం రక్షణ ఏర్పాట్లలో మొదటిది కావడానికి కారణం ఇదే.

రెండవది గుత్ప. పొట్టిగా, లావుగా, ఒక కొస బరువుగా ఉండే ఈ కర్ర రైతు ఇంట్లో మామూలు వస్తువు. చేతికి అందే దూరంలోనే పనిచేస్తుంది కనుక గుత్పకు గుంపు కావాలి. ఒంటరి చేతిలో అది కర్ర మాత్రమే. వంద చేతుల్లో అది సంఘం. గుత్ప పట్టుకొని సభకు రావడం దాడి చేయడం కంటే ముందు ఒక ప్రకటన. దొర ముందు చెప్పులు విడిచి, తలవంచి నిలబడిన మనిషి అదే దొర వాకిట్లో చేతిలో కర్రతో నిలబడటం ఆనాటి సమాజంలో చిన్న మార్పు కాదు. వీటితోపాటు కారం కలిపిన నీళ్లు, రోకళ్లు, కొడవళ్లు స్త్రీలు చేపట్టిన సాధనాలు. ఇంటి వస్తువుకూ ఆయుధానికీ నడుమ గీత చెరిగిపోయిన సందర్భమిది.

మూడవది బర్మారు. ఉర్దూ ‘భర్‌మార్’ నుండి వచ్చిన ఈ మాటకు నింపి కొట్టేది అని అర్థం. గొట్టం మూతినుండి మందు పోసి, పీచు దట్టించి, సీసపు గుండ్లు వేసి, మళ్లీ పీచు కుక్కి, వెనుక టోపీ అమర్చి పేల్చే నాటు తుపాకి ఇది. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి మందు తయారుచేసేవారు. ఊరి కమ్మరి దీనిని బాగుచేయగలడు. వేటకు, పంటల కాపలాకు కొన్ని ఇళ్లలో ఇది ముందే ఉండేది. దీని పరిమితులు కూడా స్పష్టమే. ఒక్కసారి పేలిస్తే మళ్లీ నింపడానికి వ్యవధి కావాలి. మందు తడిస్తే పనికిరాదు. గుండు దగ్గరి దూరంలోనే సూటిగా పోతుంది. అయినా గుత్పలూ ఒడిసెలలూ మాత్రమే ఉన్న ఊరికి ఒక బర్మారు చేరడం పెద్ద మార్పు. మూకగా వచ్చేవారిని మొదటి పేలుడుతోనే ఆపగల శక్తి దానికుంది.

గడీలనుండి, పోలీసు చౌకీలనుండి స్వాధీనం చేసుకొన్న తుపాకులు నాలుగవ తరగతి. దళాల నిర్మాణం వీటితోనే సాధ్యమైంది. అయితే స్వాధీనమైన తుపాకికి తూటాలు కూడా స్వాధీనం చేసుకోవలసిందే. బర్మారు మందును ఊరు తయారుచేసుకోగలదు, రైఫిలు తూటాను తయారుచేసుకోలేదు. మేలైన ఆయుధం చేతికి వచ్చేకొద్దీ దళం బయటి సరఫరాపై ఆధారపడవలసి వచ్చింది.

సంస్థానపు ఆయుధ సంపత్తి

మరోవైపు సంస్థానానికి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ నాయకత్వంలో సుమారు 22,000 మంది శిక్షణ పొందిన సైనికులుండేవారు. వారి చేతిలోని ప్రధాన ఆయుధం 303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలు. పది తూటాల మేగజైను ఉన్న ఆ రైఫిలు అయిదారు వందల గజాల దూరంలోని మనిషిని గురిచూసి కొట్టగలదు. వీటికి తోడు ఫిరంగులు, కవచపు వాహనాలు ఉండేవి. ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లలో కొద్దిభాగానికే ఆధునిక తుపాకులుండేవి. మిగిలినవారివి బర్మార్లు, తల్వార్లు, బరిసెలు. అంటే ఆయుధాల విషయంలో మామూలు రజాకారుకూ, ఎదిరించే గ్రామస్థుడికీ మరీ పెద్ద అంతరం లేదు. రజాకార్ల బలం వారి వెనుక నడిచిన పోలీసుల రైఫిళ్లలోనూ, వారికి అండగా నిలిచిన భూస్వాముల పలుకుబడిలోనూ ఉంది. గడీల రక్షణ కోసం రజాకార్లను పిలిపించుకొన్న హిందూ దేశ్‌ముఖ్‌ల ఉదంతాలు ఈ సంఘర్షణను కేవలం మతాల పోరుగా చూడకూడదని హెచ్చరిస్తాయి.

1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం కుదిరిన తరువాత కూడా సంస్థానం కోరిన ఆయుధాలు యూనియన్ నుండి అందలేదు. దానితో నిజాం ప్రభుత్వం చాటుమార్గం పట్టింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు 1948లో లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీనుండి రాత్రిపూట ఆయుధాలు తరలించాడు. బీదరు, వరంగల్లు విమానాశ్రయాలు ఇందుకు ఉపయోగపడ్డాయి. ఈ నేరానికి తరువాత ఇంగ్లండు న్యాయస్థానం అతనికి 200 పౌండ్ల జరిమానా విధించింది. వరంగల్లు చుట్టుపక్కల రైతు సురేకారం వెతుక్కొంటున్న కాలంలోనే ఆకాశమార్గాన ఆయుధాలు దిగుతున్నాయి. 1948 నాటి అసమానతను ఈ రెండు దృశ్యాలు ఒకచోట చూపుతాయి.

మహ్మదాపూర్, బైరాన్‌పల్లి: దూరం నిర్ణయించిన ఫలితం

హుస్నాబాద్ సమీపంలోని మహ్మదాపూర్ గుట్టల్లో 1948 మార్చి 14న అనభేరి దళాన్ని నిజాం బలగాలు చుట్టుముట్టాయి. ఆ పోరులో అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి సహా 12 మంది నేలకొరిగారు. ఏటా మార్చి 14న అక్కడి స్తూపం వద్ద సంస్మరణ జరుగుతుంది. ఈ ఘటనను వీరగాథగా స్మరించుకోవడం సహజమే. ఆయుధ చరిత్ర దృష్టితో చూస్తే దీనిలో మరొక పాఠం ఉంది. ఊళ్లో ఉన్నంతకాలం దళానికి జనమే కోట. వందల ఒడిసెలలు, గుత్పలు దాని చుట్టూ ఉంటాయి. ఊరు విడిచి గుట్టల్లోకి వచ్చిన చిన్న దళానికి ఆ కోట ఉండదు. అక్కడ ఎదురెదురుగా నిలిచేవి తుపాకులు మాత్రమే. తూటాలు లెక్కపెట్టుకొని కాల్చే దళం ఒకవైపు, తూటాలకు కొదవలేని బలగం మరోవైపు ఉన్నప్పుడు గుట్ట రక్షణనివ్వడానికి బదులు ఉచ్చుగా మారుతుంది.

అయిదు నెలల తరువాత, నేడు ఇదే సిద్దిపేట జిల్లాలో ఉన్న బైరాన్‌పల్లిలో దీనికి భిన్నమైన రక్షణ పద్ధతి కనిపిస్తుంది. ఆ ఊరివారు గ్రామం విడవలేదు. ఊరి నడుమ ఉన్న ఎత్తైన బురుజును కోటగా చేసుకొన్నారు. పైన బర్మార్లతో కాపలా, కింద ఒడిసెలలతో జనం. బురుజు మీద ఉన్నవానికి దూరం కనిపిస్తుంది, కిందివారిని హెచ్చరించే వీలుంటుంది, బర్మారు నింపుకొనే వ్యవధి చిక్కుతుంది. నాటు తుపాకి లోపాలను బురుజు పూడ్చింది. ఆ బలంతోనే గ్రామం రజాకార్ల తొలి దాడులను తిప్పికొట్టింది. 1948 ఆగస్టు 27న రజాకార్లతోపాటు పోలీసులు, సైనికులు ఫిరంగులతో వచ్చారు. బురుజు ఫిరంగి దెబ్బకు ఆగలేదు. ఆ రోజు మరణించినవారి సంఖ్యను కొందరు ఎనభైకి పైగా అనీ, మరికొందరు నూటికి పైగా అనీ లెక్కించారు.

రెండు ఘటనల్లోనూ ధైర్యం లోపించలేదు, ప్రజల మద్దతు లోపించలేదు. తేడా తెచ్చింది దూరం. గుత్పది చేయి చాపినంత దూరం. ఒడిసెలది పొలం గట్టు దూరం. బర్మారుది వీధి దూరం. రైఫిలుది చెరువు ఈ కట్టనుండి ఆ గట్టు దాకా. ఫిరంగిది ఊరినుండి ఊరి దాకా. ప్రత్యర్థి తన దూరాన్ని ఎంచుకోగలిగిన చోట గ్రామ రక్షణ కూలిపోయింది. ప్రత్యర్థి దగ్గరకు రాక తప్పని చోట గ్రామమే గెలిచింది. పోరాట విజయాలను, ఓటములను నాయకత్వ నిర్ణయాలతోనే వివరించే పద్ధతికి ఈ పరిశీలన ఒక అనుబంధం.

యూనియన్ సైన్యాల రాక

బైరాన్‌పల్లి ఘటన జరిగిన 17 రోజులకు, 1948 సెప్టెంబరు 13న, భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించింది. దక్షిణ సైనిక విభాగపు అధిపతి లెఫ్టినెంట్ జనరల్ రాజేంద్రసింహ్‌జీ పర్యవేక్షణలో మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి షోలాపూర్ దిక్కునుండి, మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర విజయవాడ దిక్కునుండి ప్రధాన దళాలను నడిపారు. షెర్మన్, స్టూవర్ట్ ట్యాంకులు ముందు నడిచాయి. షెర్మన్ సుమారు 30 టన్నుల బరువుండి 75 మిల్లీమీటర్ల ఫిరంగి మోసే యుద్ధశకటం. పదాతి దళాల వద్ద 303 రైఫిలుతోపాటు బ్రెన్, స్టెన్ తుపాకులు, మోర్టార్లు ఉండేవి. గగనతలంలో టెంపెస్ట్ విమానాలు ఎగిరాయి. ఇవన్నీ రెండవ ప్రపంచయుద్ధం విడిచిపోయిన సామగ్రే. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. 18న ఎల్ ఎద్రూస్ జనరల్ చౌదరికి లాంఛనంగా లొంగిపోయాడు.

షోలాపూర్ దారిలోగానీ, విజయవాడ–సూర్యాపేట దారిలోగానీ హుస్నాబాద్ లేదు. ట్యాంకులతో జరిగిన అయిదు రోజుల యుద్ధం ఆ ప్రాంతానికి వార్తగానే చేరింది. రజాకార్లు చెదిరిపోయారు, గడీలు ఖాళీ అయ్యాయి. అనభేరి మరణించి ఆరు నెలలైంది. రజాకార్ల బాధ తొలగిందని గ్రామాలు ఊపిరి పీల్చుకొన్న మాట నిజం. ఆ ఊరట ఎంతకాలం నిలుస్తుందన్నది ట్యాంకుల మీద ఆధారపడలేదు. తరువాత ఊళ్లకు వచ్చిన సైనిక, పోలీసు బృందాలు ఎవరి ఆయుధాలు అడిగాయన్నదానిపై ఆధారపడింది.

ఎవరి ఆయుధాలు దించారు?

సైనిక పాలన మొదలైన వెంటనే నిరాయుధీకరణ ముందుకు వచ్చింది. ఇది రెండు దిక్కుల్లో నడిచింది, రెండు దిక్కుల్లోనూ అసమానంగా నడిచింది.

మొదటిది ముస్లిం ప్రజల విషయం. ప్రధానమంత్రి నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరుల బృందం 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో సంస్థానంలో పర్యటించింది. పోలీసు చర్య కాలంలోనూ, ఆ తరువాతా కనీసం 27,000 నుండి 40,000 మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో పరిస్థితి అన్నిటికంటె దారుణమని పేర్కొన్నది. సైన్యం ముస్లింలను నిరాయుధులను చేస్తూ, చాలాచోట్ల హిందువుల ఆయుధాలను వారి వద్దే విడిచిందన్నది ఆ బృందం దృష్టికి వచ్చిన ముఖ్యాంశం. నివేదిక దశాబ్దాల తరబడి ప్రజలకు అందుబాటులోకి రాలేదు. నిన్నటివరకు ఆయుధబలం ఉన్న వర్గం పేరుతో, ఏ ఆయుధమూ పట్టని సామాన్య ముస్లిం కుటుంబాలు మూల్యం చెల్లించాయి. ఒక పక్షం చేతులు ఖాళీ చేసి మరొక పక్షం చేతులను అలాగే ఉంచడం శాంతిస్థాపన అనిపించుకోదు. అది బలాబలాలను తిరగవేయడం మాత్రమే.

రెండవది సంఘం దళాల విషయం. రజాకార్లను ఎదిరించిన గ్రామ దళాలను కూడా ఆయుధాలు అప్పగించమన్నారు. పోరాటాన్ని విరమించాలా, కొనసాగించాలా అన్న చర్చ కమ్యూనిస్టు పార్టీని నిలువునా చీల్చింది. రజాకార్ల ముప్పు తొలగింది కనుక ఆయుధాలు దించవచ్చన్నది రావి నారాయణరెడ్డి వంటివారి వైఖరి. సాగులోకి తెచ్చుకొన్న భూములను కాపాడుకోవడానికి ఆయుధం కావాలన్నది పుచ్చలపల్లి సుందరయ్య వంటివారి వాదన. పైకి ఇది ఎత్తుగడల చర్చ. దాని అడుగున గ్రామస్థుని ప్రశ్న ఒకటుంది: బర్మారు అప్పగిస్తే తిరిగి వచ్చే దొరను ఏది ఆపుతుంది? చాలాచోట్ల యూనియన్ బలగాల వెంటే దొరలు ఊళ్లకు తిరిగివచ్చారు. దస్తరాలు తిరిగి తెరుచుకొన్నాయి. అనభేరి తగలబెట్టించిన కాగితాల స్థానంలో కొత్త కాగితాలు పుట్టే అవకాశం వచ్చింది.

ప్రభుత్వం ఈ భయాన్ని పూర్తిగా విస్మరించలేదు. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనం, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. గ్రామస్థుని చేతిలోని ఆయుధాన్ని దింపడానికి సైన్యంతోపాటు చట్టం కూడా అవసరమన్న గుర్తింపు వీటిలో ఉంది. అయితే చట్టం ఊరికి చేరేలోపు సైన్యం చేరింది. చివరకు 1951 అక్టోబరులో పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. పోలీసు చర్య అయిదు రోజుల్లో ముగిస్తే, నిరాయుధీకరణ మూడేళ్లు సాగింది. 1948ని విజయదినాల చరిత్రగా మాత్రమే చదివితే ఈ మూడేళ్లు కనుమరుగవుతాయి.

1948 ప్రపంచ నేపథ్యం

ఇదే సంవత్సరం ఐక్యరాజ్యసమితి శాంతిపరిరక్షణకు ఆరంభం కావడం గమనించదగినది. 1948 మే నెలలో పాలస్తీనా కోసం ఏర్పాటైన పరిశీలక బృందం మొదటి శాంతి కార్యక్రమం. ఆ పరిశీలకుల చేతిలో ఆయుధాలు లేవు. సంస్థానం ఆగస్టులో చేసిన ఫిర్యాదును భద్రతా మండలి పారిస్‌లో సెప్టెంబరు 16న చేపట్టింది. ఆ మరునాడే, నిజాం లొంగుబాటు ప్రకటించిన 17వ తేదీనే, ఐక్యరాజ్యసమితి మధ్యవర్తి ఫోల్కే బెర్నడోట్ జెరూసలేంలో హత్యకు గురయ్యాడు. ఆయుధం లేని మధ్యవర్తి ఒకచోట, ట్యాంకులతో కూడిన సైనిక చర్య మరోచోట. శాంతిస్థాపనకు ఎంత ఆయుధం కావాలన్న ప్రశ్న ఆ ఒక్క రోజులో రెండు కొసలనుండి ఎదురైంది.

తరువాతి దశాబ్దాలు ఈ రెండు కొసల నడుమ ఊగిసలాడాయి. 1956లో సూయెజ్ సంక్షోభం తరువాత ఏర్పడిన తొలి సాయుధ శాంతిసేనకు ఆత్మరక్షణకు చాలినన్ని తేలిక ఆయుధాలే ఇచ్చారు. దూరంనుండి గుర్తుపట్టడానికి శిరస్త్రాణాలకు నీలిరంగు పూశారు. ఆయుధం కంటే రంగు ముఖ్యమైన సామగ్రి అయిన సందర్భమది. 1960 జూన్ 30న కాంగో స్వతంత్రమైన కొద్దిరోజులకే హింస చెలరేగి, జూలైలో శాంతిసేన అక్కడికి వెళ్లింది. తేలిక ఆయుధాలతో మొదలైన ఆ కార్యక్రమం కటంగా వేర్పాటుతో తలపడే నాటికి బాంబర్ల దాకా పోయింది. 1961లో భారత వైమానిక దళం ఆరు కాన్‌బెర్రా విమానాలను అక్కడికి పంపింది. హైదరాబాదుపై టెంపెస్ట్‌లు ఎగిరిన 13 ఏళ్లకు అదే దళం శాంతిసేన గుర్తుతో ఆఫ్రికా ఆకాశంలో ఎగిరింది.

తూర్పు తైమూరు అనుభవం హుస్నాబాద్ ప్రశ్నకు మరింత దగ్గరగా వస్తుంది. 1999 ఆగస్టు 30న జరిగిన అభిప్రాయ సేకరణలో 78.5 శాతం స్వాతంత్ర్యాన్ని కోరిన తరువాత సాయుధ మూకలు హింసకు దిగాయి. సెప్టెంబరు 20న ఆస్ట్రేలియా నాయకత్వంలోని బహుళజాతి సేన దిలీలో దిగింది. హెలికాప్టర్లు, కవచపు వాహనాలు, ఆధునిక రైఫిళ్లు గల ఆ సేనను ఎదిరించే శక్తి మూకలకు లేదు. కష్టమైన ప్రశ్న వేరే ఉంది. ఏళ్లతరబడి స్వాతంత్ర్యం కోసం పోరాడిన ఫాలింటిల్ గెరిల్లాలను కూడా నిరాయుధులను చేయాలా? వారు ఐలెవు శిబిరానికి పరిమితమై అక్కడ ఆయుధాలను ఉంచుకొనే పద్ధతి చివరకు కుదిరింది. హింసకు పాల్పడినవారినీ, హింసను ఎదిరించినవారినీ ఒకే గాటన కట్టడం కుదరదన్న ఒప్పుకోలు అందులో ఉంది. 1948 తెలంగాణలో అలాంటి మధ్యమార్గానికి చోటు దొరకలేదు.

సాహిత్యంలో ఆయుధం

సైనిక పత్రాలు షెర్మన్లను లెక్కించాయి. ఒడిసెలలను లెక్కించినది తెలుగు సాహిత్యం, మౌఖిక సంప్రదాయం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మా భూమి’ నాటకం 1947లో పోరాటం సాగుతుండగానే వేదికనెక్కి, గ్రామస్థుల ప్రతిఘటనను సంస్థానం వెలుపలి ప్రేక్షకులకు చూపింది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’ నవలలు గడీ పెత్తనాన్నీ, దానిపై తిరుగుబాటునూ తెలంగాణ మాటలోనే పొందుపరచాయి. అవంత్స సోమసుందర్ తన కావ్యానికి ‘వజ్రాయుధం’ అని పేరు పెట్టడం గమనార్హం. దధీచి ఎముకనుండి పుట్టిన పురాణాయుధం పేరు రైతు పోరాటానికి అన్వయించినప్పుడు, త్యాగమే ఆయుధానికి మూలద్రవ్యమన్న ధ్వని వస్తుంది. మల్లు స్వరాజ్యం జ్ఞాపకాల గ్రంథం ‘నా మాటే తుపాకీ తూటా’ దీనికి మరో అంచు. అక్కడ మాటే ఆయుధం, తూటా ఉపమానం.

ఈ సాహిత్యానికి ఒక పరిమితి ఉంది. ఆయుధం పట్టే ఘట్టానికి దొరికిన చోటు ఆయుధం దించే ఘట్టానికి దొరకలేదు. కర్ర పట్టిన రోజు పాటైంది, బర్మారు పేలిన రోజు కథైంది. తుపాకిని అప్పగించి ఇంటికి వచ్చిన మనిషి మానసిక స్థితి, దొర తిరిగివచ్చిన వీధిలో అతడు మళ్లీ నడవడం, నిరాయుధుడైన ముస్లిం పొరుగువాడు భయంతో గడిపిన రాత్రులు ప్రధాన ఇతివృత్తాలుగా అరుదుగా కనిపిస్తాయి. వీరమరణం సాహిత్యానికి అనువైన ముగింపు. అప్పగింతకు అలాంటి ముగింపు ఉండదు. ఈ లోటును పూరించడానికి స్త్రీల మౌఖిక కథనాలు తోడ్పడతాయి. స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పోరాటం ముగిసిన తరువాతి జీవితాలను కూడా వినిపించింది. ఆ దృష్టితో హుస్నాబాద్ చుట్టుపక్కల మౌఖిక సామగ్రిని సేకరించవలసిన అవసరం ఉంది.

ఆయుధ పదజాలం కూడా పరిశోధనకు అర్హమైనది. బర్మారు, బందూకు, తల్వారు ఉర్దూనుండి వచ్చాయి. ఒడిసెల, రోకలి, కొడవలి తెలుగు పలుకులు. బ్రెన్, స్టెన్ యూనియన్ సైన్యంతో వచ్చి చేరాయి. ఒక పల్లె మాటల్లో మూడు అధికార చరిత్రలు పొరలుగా నిలిచాయి. ఈ పొరలను విడదీయకుండా ‘ఆయుధం’ అన్న ఒకే సంస్కృత పదం కింద చేర్చినప్పుడు ఆ చరిత్ర మరుగున పడుతుంది.

ముగింపు

పై పరిశీలన నుండి మూడు అంశాలు తేలుతున్నాయి. తెలంగాణ గ్రామ రక్షణ సేద్యపు పనిముట్లమీద, జనసమూహం మీద నిలిచింది. దళం ఊరినుండి విడిపడిన మహ్మదాపూర్‌లోనూ, ఫిరంగి వచ్చిన బైరాన్‌పల్లిలోనూ ఆయుధాల దూరమే ఫలితాన్ని నిర్ణయించింది. యూనియన్ సైన్యాల ఆధిక్యం యుద్ధాన్ని అయిదు రోజుల్లో ముగించినా, ఏకపక్షంగా సాగిన నిరాయుధీకరణ శాంతిని మూడేళ్లు వెనక్కు నెట్టింది, వేలాది అమాయకుల రక్షణను గాలికి వదిలింది. పోరాట సాహిత్యం ప్రజల ఆయుధాలను చరిత్రలో నిలిపినా, వాటి అప్పగింతను చాలావరకు మౌనంలో ఉంచింది.

కాంగో, తూర్పు తైమూరుల పక్కన నిలిపి చూసినప్పుడు హుస్నాబాద్ గుట్టల చరిత్ర స్థానికతను దాటుతుంది. శాంతిసేన చేతిలోని ఆయుధం ఎంత పెద్దదన్నది మొదటి వారంలో తేలిపోయే విషయం. బలహీనుని చేతిలోని కర్రను తీసుకొనేముందు అతనికి ఏ రక్షణ ఇచ్చారన్నది తరాలపాటు నిలిచే విషయం. అనభేరి దస్తరాలకు నిప్పు పెట్టించినది ఆ రక్షణ కాగితంలో లేనందువల్లనే. గ్రామస్థుడు బర్మారు దించడానికి వెనుకాడినదీ అందుకే.